డాబా మీది అక్షయపాత్ర

అరణ్యవాసానికి బయలుదేరిన ధర్మరాజును ఒక చింత వేధించింది. రాజ్యం పోయినందుకు ఆయన అంతగా బాధపడలేదు. తనను విడిచి ఉండలేక వెంట నడిచిన బ్రాహ్మణులకు పట్టెడన్నం పెట్టే దారి లేకపోయిందే అని కుమిలిపోయాడు. అప్పుడు పురోహితుడైన ధౌమ్యుడు ఆయనకు సూర్యోపాసనను ఉపదేశించాడు. ప్రాణులు తినే అన్నమంతా సూర్యుని వలన పుట్టినదే కనుక ఆ అన్నాన్ని ఆయననే అడగమన్నాడు. ధర్మరాజు నియమంతో సూర్యుని నూట ఎనిమిది నామాలు జపించాడు. భాస్కరుడు ప్రసన్నుడై ఒక రాగిపాత్రను ప్రసాదించాడు. అదే అక్షయపాత్ర. అయితే ఆ వరానికి ఒక నియమం ఉంది. ద్రౌపది భుజించేవరకే అందులో ఆహారం తరగదు. ఆమె భోజనం ముగిసిన తరువాత మరునాటివరకు మెతుకు కూడా పుట్టదు.

పాతికేళ్ళకు పైగా నేను తరగతిలో ఈ కథ చెబుతున్నాను. దాదాపు ప్రతి సంవత్సరమూ ఎవరో ఒక విద్యార్థి లేచి ఒకే ప్రశ్న అడుగుతాడు. “అక్షయమంటే తరగనిది కదండీ! మరి రోజూ ఒక వేళకు ఎందుకు ఖాళీ అవుతుంది మాస్టారూ?” కథకు మలుపు కావాలి కనుక అని ఒక ఏడు చెప్పాను. దుర్వాసుని రాకకు అది పూర్వరంగమని మరొక ఏడు చెప్పాను. ఈ రెండు సమాధానాలూ నాకే తృప్తినివ్వలేదు. ఆ ప్రశ్నకు తృప్తికరమైన సమాధానం ఏ వ్యాఖ్యానంలోనూ దొరకలేదు. మా ఇంటి డాబా మీద సౌరఫలకాలు పెట్టించుకోవాలని పూనుకొన్నప్పుడు దొరికింది.

మాది రోలుగుంట. తూర్పుకనుమల పాదాల దగ్గర, నర్సీపట్నం ప్రాంతంలోని మండల కేంద్రం. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పటి నుండి అనకాపల్లి జిల్లాలో ఉంది. మా నాన్నగారు కట్టించిన చిన్న డాబా ఇల్లు, దాని ఆగ్నేయ మూలన అమ్మ నాటిన పనసచెట్టు, ఇవే మా ఆస్తి. అమ్మకిప్పుడు ఎనభై దాటాయి. చాలా ఏళ్ళుగా ఆమెకు మధుమేహం. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకోవాలి. ఆ మందును చల్లగా భద్రపరచాలి. కనుక మా ఇంట్లో రిఫ్రిజిరేటర్ సౌఖ్యం కోసం కొన్న వస్తువు కాదు, ఔషధాలయం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు మా ప్రాంతమంతా చీకటి అయింది. స్తంభాలు విరిగాయి, తీగలు పొలాల్లో పడ్డాయి. మా వీధికి మళ్ళీ వెలుగు రావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ అమ్మ మందును కాపాడినది ఒక మట్టి పాత్ర. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాని నడుమ చిన్న ముంతను దించి, ఆ ముంతలో మందు సీసా ఉంచి, పైన తడిగుడ్డ కప్పమని వైద్యుడు చెప్పాడు. నేను పూటపూటకూ ఇసుక తడుపుతూ, తుఫాను వెలిసిన తరువాత నిర్మలంగా కాస్తున్న ఎండను చూస్తూ కూర్చొనేవాణ్ణి. అంత వెలుగు ఆకాశంలో ఉండగా ఇంట్లో ఒక చిన్న పెట్టె చల్లబడక పోవడమేమిటని నాకు అప్పుడే తోచింది.

ఆ ఆలోచన పదేళ్ళపాటు ఆలోచనగానే ఉండిపోయింది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ‘పీఎం సూర్యఘర్: ముఫ్త్ బిజ్లీ యోజన’ను ప్రారంభించింది. కోటి ఇళ్ళ కప్పుల మీద సౌరవిద్యుత్తును ఉత్పత్తి చేయించడం ఆ పథకం లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు రాయితీ ఇస్తారు. మూడు కిలోవాట్లు దాటితే ఎంత పెద్ద వ్యవస్థ పెట్టుకొన్నా రాయితీ 78,000 రూపాయలకు మించదు. ఈ వార్త చదివాక నాలోని పాత కోరిక మళ్ళీ చిగురించింది.

కొద్ది రోజులకే ఒక సంస్థ ప్రతినిధి మా ఇంటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రంగురంగుల కరపత్రాలు. డాబా ఎక్కి నాలుగు మూలలా చూసి, “ఐదు కిలోవాట్లు పెట్టించేయండి సార్! డాబా అంతా నిండుతుంది, జీవితాంతం బిల్లు ఉండదు” అన్నాడు. పనసచెట్టు వైపు చూసి, “ఇది మాత్రం కొట్టించాలి. నీడ పడుతుంది” అన్నాడు. అమ్మ మందు సంగతి చెప్పగానే అతని ముఖం వికసించింది. “ఇక మీకు దిగులు లేదు. ఊరంతా కరెంటు పోయినా మీ ఇంట్లో దీపం ఆరదు” అని భరోసా ఇచ్చాడు. మూడు లక్షలకు పైగా ఖర్చవుతుందని, బ్యాంకు రుణం కూడా తానే ఇప్పిస్తానని చెప్పాడు.

నేను దాదాపు ఒప్పుకొన్నాను. అరుగు మీద కూర్చొని ఇదంతా వింటున్న అమ్మ, అతడు వెళ్ళిన తరువాత ఒకే మాట అన్నది. “చెట్టు కొట్టి ఇంటిని ఎండబెట్టుకొని, ఆ ఉక్క తీరడానికి మరో ఫ్యాను తిప్పుకోవాలా నాయనా?”

ఆ మాట నన్ను ఆపింది. కావ్యాలలో ఒక్కొక్క పదానికి నాలుగైదు నిఘంటువులు తిరగేసే నేను, ఇంటికి మూడు లక్షల వస్తువు కొనేటప్పుడు ఒక్క కరపత్రాన్ని ప్రమాణంగా స్వీకరించబోయాను. మరునాటి నుండి విద్యార్థినయ్యాను.

మొదట బీరువాలోని విద్యుత్తు బిల్లులన్నీ తీసి, పన్నెండు నెలలవి వరుసగా పేర్చాను. ఎండాకాలంలో నెలకు 300 యూనిట్ల దాకా, చలికాలంలో 180 యూనిట్ల దాకా వాడుతున్నాము. సగటున 240. ఇంతకాలమూ బిల్లు చివర ఉన్న మొత్తాన్ని మాత్రమే చూసి కట్టేవాణ్ణి. పైన ఉన్న యూనిట్లను ఏనాడూ చదవలేదు. పద్యానికి తాత్పర్యం మాత్రం చదివి ప్రతిపదార్థం వదిలేసే విద్యార్థికీ నాకూ భేదం లేదనిపించింది.

తరువాత ఏ వస్తువు ఎంత మింగుతోందో లెక్కించాను. యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే ఖర్చయ్యే విద్యుత్తు. మా పాత సీలింగ్ ఫ్యాను ఒక్కొక్కటి సుమారు 75 వాట్లు తీసుకొంటోంది. ఇప్పుడు వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల ప్రాంతంలోనే అంత గాలీ ఇస్తున్నాయి. నాలుగు ఫ్యాన్లు మార్చాను. మిగిలిన రెండు ట్యూబులైట్లను తీసి ఎల్‌ఈడీ దీపాలు పెట్టాను. మూడు నెలలు గడిచేసరికి మా వాడకం నెలకు సగటున 200 యూనిట్లకు దిగింది. ఒక్క ఫలకం కూడా కొనక ముందే నెలకు 40 యూనిట్లు మిగిలాయి. ఇంటికి సౌరవిద్యుత్తు కావాలనుకొనేవారు మొదట చేయవలసిన పని ఇదేనని నాకు రూఢి అయింది. ఓటికుండలో నీరు పోసేవాడికి ఎంత పెద్ద చెరువైనా చాలదు.

ఇక ఎంత సామర్థ్యం కావాలి? మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాటు సామర్థ్యం గల ఫలకాలు రోజుకు సగటున నాలుగు యూనిట్ల విద్యుత్తును ఇస్తాయి. అంటే నెలకు నూట ఇరవై వరకు. రెండు కిలోవాట్లు మా అవసరానికి సరిపోతాయి, కొంత మిగులుతుంది కూడా. ఐదు కిలోవాట్లు పెట్టించి ఉంటే నెలకు ఆరు వందల యూనిట్లు పుట్టేవి. అందులో మూడింట రెండు వంతులు మాకు అక్కరలేనివి. పైగా ఖర్చు పెరిగినట్లు రాయితీ పెరగదు. ఆ ప్రతినిధి అబద్ధం చెప్పలేదు, డాబా వైశాల్యాన్ని కొలిచాడు. అవసరాన్ని కొలవవలసినది నేను.

ఒక కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగుల స్థలం కావాలి. రెండు కిలోవాట్లకు రెండు వందల అడుగులు చాలు. అంత స్థలం పనసచెట్టు నీడకు అందకుండా డాబా మీద ఉందా? ఇది తెలుసుకోవడానికి ఒక సుద్దముక్క సరిపోయింది. డిసెంబరు నెలలో సూర్యుడు దక్షిణాన బాగా వాలి ఉంటాడు. సంవత్సరం మొత్తంలో మధ్యాహ్నపు నీడలు అప్పుడే మిక్కిలి పొడవు. ఆ నీడకు తప్పుకొన్న చోటు తక్కిన కాలమంతా చాలావరకు సురక్షితమే. ఒక ఆదివారం ఉదయం ఏడు గంటల నుండి సాయంత్రం ఐదు వరకు గంటగంటకూ డాబా ఎక్కి చెట్టునీడ అంచు వెంట గీత గీశాను. పొద్దువాలేసరికి గచ్చు మీద గీతలు విసనకర్రలా విచ్చుకొన్నాయి. ఎనిమిదిన్నర దాటాక నైరుతి భాగంలో ఏ గీతా పడలేదు. మాకు కావలసిన రెండు వందల అడుగులు అక్కడే ఉన్నాయి. చెట్టు కొట్టనక్కరలేదు.

నీడను ఇంత పట్టించుకోవడం దేనికని సందేహం రావచ్చు. ఫలకంలోని సెల్స్ వరుసగా, ఒకదానికొకటి కలిపి ఉంటాయి. నీడ పడి ఒక సెల్ మందగిస్తే దానితో కలిసిన వరుస మొత్తం మందగిస్తుంది. ఆ నష్టాన్ని తగ్గించే ఏర్పాట్లు ఫలకంలో ఉన్నా పూర్తిగా పోగొట్టలేవు. ఒక కొమ్మ నీడ చేసే నష్టం కొమ్మంతే ఉండదు.

ఈ ఫలకం పుట్టుక కూడా ఆసక్తికరమైన కథే. కాంతి సోకితే విద్యుత్తు పుట్టగలదని ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరల్ 1839లో గమనించాడు. కాంతి చిన్నచిన్న శక్తి పొట్లాలుగా వచ్చి ఎలక్ట్రాన్లను తాకుతుందని ఐన్‌స్టీన్ 1905లో వివరించాడు. 1921వ సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు వచ్చినది ప్రధానంగా ఈ కృషికే. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల వారు సిలికాన్‌తో చేసిన సెల్ తనపై పడిన కాంతిలో ఆరు శాతాన్ని విద్యుత్తుగా మార్చగలిగింది. నాలుగేళ్ళకు, 1958లో, వాంగార్డ్-1 అనే ఉపగ్రహం అటువంటి సెల్స్‌తో అంతరిక్షానికి వెళ్ళింది. నేడు ఇళ్ళ మీద పెట్టే మంచి ఫలకాలు ఇరవై శాతానికి పైగా కాంతిని విద్యుత్తుగా మారుస్తున్నాయి. ఈ సిలికాన్‌కు మూలం ఇసుకలో ఉండే పదార్థమే. హుద్‌హుద్ నాడు అమ్మ మందును చల్లగా ఉంచిన ఇసుక గుర్తుకు వచ్చి నాలో నేను నవ్వుకొన్నాను.

మార్కండేయ పురాణంలో ఒక కథ ఉంది. దానిని మారన తెనిగించాడు. సూర్యుని తేజస్సును భార్య సంజ్ఞాదేవి భరించలేకపోగా, ఆమె తండ్రి విశ్వకర్మ సూర్యుని సానపట్టి తేజస్సును తగ్గించాడట. అలా రాలిన తేజస్సుతో దేవతలకు ఆయుధాలు సిద్ధమయ్యాయట. అపారమైన శక్తి మనకు ఉపయోగపడాలంటే దానిని మనకు తగిన కొలతకు తెచ్చే శిల్పి ఒకడు కావాలి. ఆనాటి కవి ఊహలో అతడు విశ్వకర్మ. ఈనాడు ప్రయోగశాలలో పనిచేసే ఇంజనీరు.

నెలరోజుల తరువాత మూడు సంస్థల నుండి కొటేషన్లు తెప్పించాను. పరిశోధన చేసే రోజుల్లో తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు గుర్తించేవాణ్ణి. ఆ విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. ధరల కాలమ్ ఒక్కటే చూస్తే మూడింటికీ పెద్ద భేదం లేదు. కింద సన్నని అక్షరాల్లో ఉన్నది చదివితే మూడూ మూడు గ్రంథాలు. ఒకరు ఫలకానికి ఇరవై ఐదేళ్ళ హామీ అన్నారు. అది ఉత్పత్తి శక్తికి ఇచ్చే హామీ, వస్తువు పాడైతే మార్చి ఇచ్చే హామీ వేరు, అది అంతకంటె తక్కువ ఏళ్ళకే. మరొకరు ఇన్వర్టర్ హామీని ఎక్కడా రాయలేదు. ఫలకాల నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తును ఇంటి వాడకానికి పనికివచ్చే ఏకాంతర విద్యుత్తుగా మార్చేది ఇన్వర్టరే. ఫలకాల కంటె ముందు మరమ్మతుకు వచ్చేదీ అదే. ఇంకొకరి కాగితంలో ఫలకాలు స్వదేశీ సెల్స్‌తో తయారైనవా, కావా అన్నది లేదు. రాయితీ రావాలంటే స్వదేశీవే అయి ఉండాలి.

ఇంకొక విషయంలో నేను పట్టు విడవలేదు. మాది తుఫానుల సీమ. ఫలకాలు ఎంత గొప్పవైనా వాటిని మోసే ఇనుప చట్రం బలహీనమైతే గాలికి ఎగిరి పక్కింటి మీద పడతాయి. జింకు పూత పూసిన ఇనుప చట్రం, డాబాకు గట్టిగా బిగించిన కాళ్ళు, ఎర్తింగ్, పిడుగు నుండి రక్షణ, ఈ నాలుగూ కొటేషన్‌లో రాసి ఇమ్మన్నాను. వాటిని రాసి ఇచ్చిన సంస్థనే ఎన్నుకొన్నాను. ధరలో అది మధ్యస్థం. 540 వాట్ల ఫలకాలు నాలుగు. మొత్తం లక్షా నలభై వేల రూపాయలు. రాయితీ 60,000 పోగా మా చేతి నుండి 80,000. మా బిల్లు నెలకు వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా ఉండేది కనుక ఆరేడేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుంది.

అంతా నిశ్చయమైంది. బయానా ఇవ్వడానికి ముందురోజు సాయంత్రం మా వీధిలో తీగలు సరిచేయడానికి ఒక లైన్‌మన్ వచ్చాడు. నా పూర్వ విద్యార్థే. చివరి బెంచీలో కూర్చొని సంధుల దగ్గర తడబడేవాడు. మంచినీళ్ళు తాగుతూ నా సౌరవిద్యుత్తు ప్రయత్నం విని సంతోషించాడు. “ఇక కరెంటు పోయినా అమ్మ మందుకు దిగులు లేదు” అన్నాను. అతడు గ్లాసు కింద పెట్టి, “ఆ మాట మీకెవరు చెప్పారు మాస్టారూ?” అన్నాడు.

తరువాత అతడు అరుగు మీద కూర్చొని నాకు పాఠం చెప్పాడు. బ్యాటరీ లేకుండా విద్యుత్తు లైనుకు కలిపిన సౌరవ్యవస్థ, లైనులో విద్యుత్తు ఆగిన మరుక్షణమే తానూ ఆగిపోతుంది. నడినెత్తిన సూర్యుడు వెలుగుతున్నా సరే, ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలనే అలా తయారుచేశారు. “కరెంటు పోయిందంటే తీగ మీద మేముంటాం కదండీ! మీ డాబా మీది కరెంటు ఆగకుండా వెనక్కి లైనులోకి వచ్చిందనుకోండి. మీ ఇంట్లో 230 వోల్టులే. ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కి ఎక్కితే అవతల 11,000. అక్కడ చెయ్యి పెట్టినవాడు ఏమవుతాడు మాస్టారూ?”

కొంచెంసేపు ఊరుకొని మళ్ళీ అన్నాడు. “హుద్‌హుద్ తరవాత ఒక ఊళ్ళో ఎవరో జనరేటర్‌ను సరైన స్విచ్చి లేకుండా ఇంటి లైనుకు తగిలించారు. మా వాడు ఒకడు స్తంభం మీద ఉన్నాడు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు.”

ఆ పది రోజుల చీకటిలో నేను ఇసుక తడుపుతూ విసుక్కొన్న ఘడియలు నాకు జ్ఞాపకం వచ్చాయి. ‘ఇంకా ఎంతసేపు చేస్తారు?’ అని ఎన్నిసార్లు అనుకొన్నానో! ఆ సమయంలో ఎక్కడో ఒక స్తంభం మీద ఒక మనిషి ఉన్నాడన్న ఊహ నాకు కలగలేదు.

దీపం ఆరకుండా ఉండే మార్గం లేకపోలేదు. బ్యాటరీలతో కూడిన హైబ్రిడ్ వ్యవస్థ పెట్టుకొంటే, లైనులో విద్యుత్తు పోయినప్పుడు అది ఇంటిని లైను నుండి పూర్తిగా విడదీసి ఇంటి వరకే విద్యుత్తునిస్తుంది. అప్పుడు లైన్‌మన్‌కు ప్రమాదం ఉండదు. కానీ ఖర్చు బాగా పెరుగుతుంది, కొన్ని ఏళ్ళకు బ్యాటరీలు మార్చుకోవాలి. మా ఊళ్ళో కోతలు గంటా రెండు గంటలకు మించడం అరుదు. మూసి ఉంచిన రిఫ్రిజిరేటర్‌లో చల్లదనం ఆపాటిసేపు నిలుస్తుంది. అంతకు మించితే మట్టికుండ ఉండనే ఉంది. ఈ లెక్కలన్నీ వేసుకొని, బ్యాటరీ లేకుండానే పెట్టించాలని నిర్ణయించాను. రోజూ గంటల తరబడి విద్యుత్తు పోయే ఊరిలో ఉంటే నా నిర్ణయం వేరుగా ఉండేది. ఎవరి అవసరం వారిది.

ఆ రాత్రి నా పాత ప్రశ్నకు సమాధానం దొరికింది. అక్షయపాత్రకు నియమం పెట్టినది పిసినారితనంతో కాదు. ద్రౌపది అందరికీ వడ్డించి, చివర తాను తింటుంది. ఆమె తిన్నదంటే ఆకలితో ఉన్నవారు ఇక ఎవరూ లేరని అర్థం. ఆ పాత్ర కోరికను బట్టి కాక అవసరాన్ని బట్టి నిండుతుంది, అవసరం తీరగానే ఆగుతుంది. ఆగడం కూడా ఆ వరంలో భాగమే. మా డాబా మీద పెట్టబోయే పాత్ర కూడా ఒక వేళకు ఆగుతుంది, మరొక మనిషి ప్రాణం కోసం.

2025 ఫిబ్రవరి 4న రథసప్తమి వచ్చింది. అమ్మ ఆ ఉదయం చిక్కుడు ఆకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టి సూర్యునికి నమస్కరించింది. ఆ వారంలోనే ఫలకాలు డాబా ఎక్కాయి. మన ఊరు పదిహేడు, పద్దెనిమిది డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది కనుక, వాటిని దక్షిణాభిముఖంగా దాదాపు అంతే వాలుతో నిలిపారు. పంపిణీ సంస్థ వారు పరిశీలించి, రెండు వైపులా లెక్కించే నెట్ మీటరు బిగించేసరికి మరి మూడు వారాలు పట్టింది. పగలు మాకు మిగిలిన విద్యుత్తు లైనులోకి పోతుంది, రాత్రి మాకు కావలసినది లైను నుండి వస్తుంది. ఇచ్చినదీ పుచ్చుకొన్నదీ కూడి తీసివేసి బిల్లు వేస్తారు. రఘువంశంలో కాళిదాసు దిలీపుని పన్నుల విధానాన్ని, నీటిని గ్రహించి వేయింతలుగా తిరిగి కురిపించే సూర్యునితో పోల్చాడు. మా మీటరు అంత ఉదారమైనది కాదు గాని, పుచ్చుకోవడంతో పాటు ఇవ్వడం కూడా మా గృహస్థాశ్రమానికి నేర్పింది.

ఒక సంవత్సరం గడిచింది. ఎండ ఎంత మండితే విద్యుత్తు అంత పుడుతుందని నేను అనుకొన్నాను. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. పేరులోనే రోలును పెట్టుకొన్న మా ఊరిలో ఆ ఎండలకు లోటు లేదు. కానీ ఆ రోజుల కంటె మార్చి నెలలోనే మీటరు ఎక్కువ చూపింది. ఫలకానికి కావలసినది వెలుగు, వేడి కాదు. వేడెక్కిన కొద్దీ దాని శక్తి కొంత తగ్గుతుంది. ఆషాఢ మేఘాలు కమ్మిన రోజుల్లో ఉత్పత్తి సగానికి పడిపోయింది. దుమ్ము, పక్షుల రెట్టలు, పనసాకులు పడతాయి కనుక పదిహేను రోజులకొకసారి తెల్లవారుజామున, ఫలకాలు చల్లగా ఉన్నప్పుడే, నీళ్ళతో కడుగుతున్నాను. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోయరాదు.

మా జిల్లాలోనే పరవాడ వద్ద సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. దాని సామర్థ్యం 2,000 మెగావాట్లు. ఒడిశాలోని తాల్చేరు గనుల బొగ్గు దానికి ఆహారం. అదే కేంద్రపు జలాశయం మీద 2021లో 25 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పారు. కోట్ల ఏళ్ళనాటి ఎండను దాచుకొన్న బొగ్గు ఒక పక్క, ఈ ఉదయపు ఎండను పట్టే ఫలకాలు మరొక పక్క, ఒకే ఆవరణలో పనిచేస్తున్నాయి. రాత్రివేళ మా ఇంటికి వచ్చే విద్యుత్తులో ఇప్పటికీ బొగ్గు భాగం ఉంది. నాలుగు ఫలకాలతో లోకాన్ని ఉద్ధరించానని నేను అనుకోవడం లేదు. నా ఇంటి లెక్క నేను చూసుకోవడం నేర్చుకొన్నాను, అంతే.

విద్యార్థులారా, రేపు మీ ఇళ్ళలో ఇటువంటి నిర్ణయం మీరే చేయవలసి రావచ్చు. అమ్మేవాడు మీ కప్పును కొలుస్తాడు. మీరు మీ అవసరాన్ని కొలవండి. ఏడాది బిల్లులు ముందు పెట్టుకోండి. వృథాను మొదట అరికట్టండి. నీడను సుద్దముక్కతో గీసి చూడండి. సన్నని అక్షరాలను వదలకుండా చదవండి. ఏ వస్తువైనా ఎప్పుడు పనిచేస్తుందో అడిగినట్లే, ఎప్పుడు ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో కూడా అడగండి.

మొన్న వైశాఖంలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చి విద్యుత్తు పోయింది. అరగంటలో వాన వెలిసి ఎండ కాసింది. తడిసిన ఫలకాలు తళతళ మెరుస్తున్నాయి. ఇంట్లో మాత్రం ఫ్యాను తిరగడం లేదు. మూడు గంటలు గడిచాయి. నేను కుండలో ఇసుక తడుపుతూ ఉంటే అమ్మ అడిగింది.

“పైన అంత ఎండ కాస్తోంది కదా నాయనా! మరి నీ పలకలు ఊరుకొన్నాయేమి?”

“ఎక్కడో తీగ తెగి ఉంటుందమ్మా. బాగుచేయడానికి ఎవరో స్తంభం ఎక్కి ఉంటారు.”

అమ్మ విసనకర్ర అందుకొంది. నెమ్మదిగా విసురుకొంటూ, “అయితే ఆ పిల్లవాడు దిగేదాకా ఊరుకోనీ” అన్నది.